చెమ్మ గోడలో, కారణం వీధి చివర: నెల్లూరు శివారు ఇంటి కేస్ స్టడీ

ఇల్లు నెల్లూరు నుంచి ముత్తుకూరు రోడ్డు వైపు పొయ్యే దారిలో ఒక లేఔట్లో ఉంది. కాలనీ పేరు, ఇంటివాళ్ళ పేర్లు రాయట్లేదు, వాళ్ళ పర్మిషన్ తీసుకునే రాస్తున్నా. 30 అంకణాల స్థలం, తూర్పు ఫేసింగ్, 2009లో కట్టిన గ్రౌండ్ ఫ్లోరు, తర్వాత పైన రెండు గదులు వేసుకున్నారు. బయటి జిల్లాల వాళ్ళ కోసం చెప్తున్నా, మా నెల్లూర్లో ఇంటి స్థలం అంకణాల్లోనే లెక్క, అంకణం అంటే 72 చదరపు అడుగులు, ఎకరాకి 605 అంకణాలు. ఇంట్లో రిటైరైన టీచరుగారు, ఆయన భార్య, కొడుకు కోడలు, స్కూలుకెళ్ళే పిల్లలిద్దరు.

2008లో కృష్ణపట్నం పోర్టు మొదలయ్యాక ఆ రోడ్డు పొడుగునా వరి కయ్యలన్నీ ప్లాట్లు అవుతా వచ్చాయి, ఇది అట్లా వచ్చినవాటిలో మొదటి వరస. ఆ రోజుల్లో కొన్నవాళ్ళు చుట్టూ పైరు మధ్యలో ఇల్లు కట్టుకున్నారు, నీళ్ళ సమస్య అనేది వాళ్ళకి తెలీనే తెలీదు, ఎందుకంటే ఎంత వాన పడ్డా పక్క కయ్యలోకి పోయేది. ఇప్పుడు ఆ కయ్యలన్నీ ఇళ్ళే.

నన్ను పిలిచింది 2024 జనవరిలో, మిచౌంగ్ తుఫాను అయ్యాక. (అది 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, దాటేముందు మన జిల్లాని ముంచిపోయింది.) టీచరుగారు ఫోన్లో చెప్పింది ఒక్కటే, "హాల్లో గోడ చెమ్మ, పుట్టీ రాలిపోతా ఉంది, మంచి కెమికల్ ఏదన్నా చెప్పు నాయనా" అని. పోయి చూస్తే చెమ్మ ఒక్కటే కాదు. వానొస్తే ఇంటి చుట్టూ మోకాలు లోతు నీళ్ళు, నాలుగైదు రోజులు కదలవు. సంపు నీళ్ళు వాసన, పిల్లలకి ప్రతి వానాకాలం విరేచనాలు. పడమటి బెడ్రూం తలుపు కార్తీక మాసంలో పట్టేసి మే నెలలో తనంతట తనే వదులవుతుంది. గోడలకి 2022లో ఒకరొచ్చి లోపలివైపు వాటర్ ప్రూఫింగ్ కోటింగ్ వేసిపోయారు, బాగానే డబ్బులు తీసుకున్నారు, తర్వాతి సంవత్సరానికి మోకాలు దాకా ఉన్న చెమ్మ నడుము దాటింది. ఇంకో టీమ్ వచ్చి జాకీలు పెట్టి ఇల్లు మొత్తం నాలుగు అడుగులు లేపుతామని కొటేషన్ ఇచ్చిపోయింది, కొడుకు దాదాపు ఒప్పేసుకున్నాడు, అడ్వాన్స్ ఇవ్వబోయే ముందు పెద్దాయన నన్ను పిలిచాడు.

ముందు గోడ సంగతి. చెమ్మ పైనుంచి దిగుతోందా, పైపు లీకా, కిందనుంచి ఎక్కుతోందా అనేది తేల్చకుండా ఏ కెమికల్ పేరు చెప్పినా అది అన్యాయమే. మాయిశ్చర్ మీటర్ పెడితే ఉప్పు పట్టిన గోడ ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, అందుకని నేను దాన్ని నమ్మను. హాలు గోడలో అరడుగు ఎత్తులో, రెండడుగుల్లో, నాలుగడుగుల్లో ఇటుక పొడి డ్రిల్ చేసి తీసి, కవర్లలో కట్టి, తూకం వేసి, ఓవెన్లో ఆరబెట్టి మళ్ళీ తూకం వేశాం. కింద బాగా తడి, పైకి పోయేకొద్దీ తగ్గుతా వచ్చింది, నాలుగడుగుల్లో దాదాపు పొడి. అంటే నేలలోంచే ఎక్కుతోంది. ఇటుకలో ఉండే సన్నటి రంధ్రాల గుండా నీళ్ళు పైకి పాకతాయి, పాకినవి గోడ మీదనుంచి ఆవిరైపోతాయి, ఆవిరైన చోట ఉప్పు మిగులుతుంది, పుట్టీని రాల్చేది ఆ ఉప్పే. లోపలివైపు గాలాడకుండా కోటింగ్ వేస్తే నీళ్ళు ఆగవు, ఆవిరయ్యే దారి మూసుకుపోయి కోటింగ్ ఎక్కడ అయిపోయిందో అక్కడిదాకా ఎక్కుతాయి. 2022లో జరిగింది అదే. ఆ ఇంటికి డీపీసీ (నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా పునాది మీద వేసే అడ్డుపొర) కూడా సరిగ్గా లేదు, బేస్‌మట్టం మీద ఉత్త కాంక్రీటు పొర పరిచి ఇటుక కట్టేశారు, పైగా బయట పూత నేలదాకా దింపేశారు కాబట్టి ఆ పొరని దాటడానికి చెమ్మకి దారి దొరికింది.

అయితే డీపీసీ లేని ఇళ్ళు నెల్లూర్లో వందల్లో ఉన్నాయి, అన్నిట్లో ఇంత లేదు. ఇక్కడ పునాది ఎందుకు నెలల తరబడి నీళ్ళల్లో నానుతోంది అనేది అసలు ప్రశ్న. గోడ దగ్గర దానికి సమాధానం దొరకదు, వీధిలోకి రావాల్సిందే.

ఇంట్లోవాళ్ళందరి అభిప్రాయం ఇదంతా 2021 వరదతో మొదలైందని. ఆ నవంబర్లో పెన్నా ఎట్లా వచ్చిందో మన జిల్లాలో ఎవరూ మర్చిపోలేరు, సోమశిల డ్యామ్ గేట్లెత్తాక పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు హైవే తెగి చెన్నై, విజయవాడ మధ్య బండ్లు ఆగిపోయాయి. కానీ ఈ ఇంటికి వచ్చింది ఆ నీళ్ళు కాదు. ఏటి వరదొస్తే ఒక్కసారిగా వస్తుంది, ఎర్రటి ఒండ్రు తెస్తుంది, తీశాక గోడ మీద మట్టి గీత వదిలిపోతుంది. ఈ ఇంటి గోడ మీద ఒండ్రు గీత లేదు, పాకుడు ఉంది. నీళ్ళు నల్లగా, సైడ్ కాలవ వాసనతో, ముసురు పట్టిన రెండోరోజునుంచి మెల్లగా లేచేవని కోడలు చెప్పింది. ఆమె ఫోన్లో 2020 నివర్ తుఫాను అప్పటి ఫోటోలు కూడా చూపించింది, అప్పటికే మెట్టు మునిగి ఉంది. ఇది వాన నీళ్ళు పోయే దారిలేక నిలిచిన కేసు. ఈ రెండిటికీ వైద్యం వేరు కాబట్టి ఇది తేల్చుకోవడం మీద నేను ఎక్కువ టైం పెట్టాను. ఏటి వరద అయితే వీధిలో మనం చేయగలిగేది చాలా తక్కువ, ఇల్లు లేపడమో ఖాళీ చెయ్యడమో ఆలోచించాల్సిందే.

తర్వాత లెవెల్స్. పెద్ద మిషన్లేం అక్కర్లేదు, మా బేల్దారి మేస్త్రి దగ్గర ఉండే మట్టం ట్యూబు, నీళ్ళు నింపిన ట్రాన్స్‌పరెంట్ పైపు, అదే చాలు. వీధి మొదట్లో రామాలయం మెట్టుని బెంచ్‌మార్క్ (అన్ని మట్టాలూ దాన్నుంచే కొలిచే గుర్తు) పెట్టుకుని, వీధి చివరి దాకా, దాదాపు 600 అడుగులు, రెండువైపులా సైడ్ కాలవ అడుగు, రోడ్డు పైమట్టం, ప్రతి ఇంటి గేటు మట్టం రాసుకున్నాం. ఆ పేపరే ఈ కేసుకి ఎక్స్‌రే.

2009లో ఇల్లు కట్టినప్పటి ఫోటో ఒకటి ఆల్బంలో దొరికింది, గృహప్రవేశం రోజుది. అందులో గ్రావెల్ రోడ్డుకీ వరండా అంచుకీ మధ్య ఉన్న ఇటుక వరసలు లెక్కేస్తే ఇంటి ఫ్లోరు అప్పటి రోడ్డుకంటే 27 అంగుళాలు ఎత్తు, పెరడు రోడ్డుకంటే 3 అంగుళాలు ఎత్తు. ఆ తర్వాత కంకర పోసి తారు రోడ్డేశారు, 6 అంగుళాలు. దానిమీద సీసీ, 8 అంగుళాలు. కొన్నేళ్ళకి ఆ సీసీ పగిలితే పగలగొట్టి తీయకుండా దానిమీదే ఇంకో సీసీ, 6 అంగుళాలు. మొత్తం 20. ఇల్లు ఉన్నచోటే ఉంది, రోడ్డు లేచింది. ఇప్పుడు ఫ్లోరు రోడ్డుకంటే 7 అంగుళాలే ఎత్తు, పెరడు రోడ్డుకంటే 17 అంగుళాలు పల్లం. తర్వాత ఇళ్ళు కట్టినవాళ్ళు తెలివిగా మూడడుగులు మెరక తోలి కట్టుకున్నారు, వాళ్ళ వాన నీళ్ళన్నీ పల్లంలో ఉన్న పాత ఇళ్ళలోకే. ఆ వీధిలో ఇట్లాంటి పాత ఇళ్ళు ఇంకో ఆరున్నాయి, అన్నిట్లోనూ ఇదే గోడ, ఇదే చెమ్మ, ఎవరికి వాళ్ళు తమ ఇంటి దోషం అనుకుని ఎవరికి వాళ్ళు పుట్టీలు కొట్టించుకుంటున్నారు. రోడ్డు వేసేవాళ్ళు పాతది తీసి వెయ్యాలని, ఉన్న ఇళ్ళ గేటు మట్టం చూసుకుని వెయ్యాలని నేను పోయిన ప్రతిచోటా చెప్తుంటాను, ఈ ఒక్క పని చేస్తే శివార్లలో సగం రిపేర్లు ఉండవు.

ఇంక సైడ్ కాలవ. వీధి చివర్లో ఒక ప్లాటాయన తన కారు పోవడానికి కాలవలో ఒక అడుగు వ్యాసం సిమెంటు పైపు వేసి పైన మట్టి పోసుకున్నాడు. ఆ పైపు అడుగుభాగం, మన ఇంటి ముందు కాలవ అడుగుభాగం కంటే 5 అంగుళాలు ఎత్తులో ఉంది. అంటే ఇంటి ముందు కాలవలో 5 అంగుళాలు నీళ్ళు నిలిస్తే తప్ప ఒక్క చుక్క కూడా బయటికి పోదు, వాన లేని రోజుల్లో కూడా. అది కాలవ కాదు, పొడుగాటి తొట్టి. పైపులో సగం పూడు. ఈ కాలవలోకి వచ్చే కాలనీ భాగం ఆరెకరాలు ఉంటుంది. 100 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరానికి నాలుగు లక్షల లీటర్లు, ఆరెకరాలకి 24 లక్షలు, సగం పూడిన అడుగు పైపులోంచి ఇవి పోవాలి. మన ఇంటి 30 అంకణాల మీద పడేదే 20 వేల లీటర్లు, అంటే నాలుగు ట్యాంకర్లు, మిగతాదంతా ఊరి నీళ్ళు.

ఇక్కడిదాకా చెడ్డ వార్తే. మంచి వార్త కోసం పైపు అవతల ఏముందో చూడాలి, అక్కడ కంపచెట్లు, చెత్త, ఏం కనపడలా. వీధిలో పాలు పోసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఈ కయ్యల్నే కౌలుకి చేసినాయన, ఎడగారు పంట (రెండో పంట) కూడా పెట్టేవాణ్ణని చెప్పాడు. ఆయన్ని తీసుకొచ్చి అడిగితే చేతికర్రతో చూపించాడు. "ఈ కరెంటు స్తంభం కాడ తూము ఉండేది నాయనా, ఆడనుంచి గెనిమ (గట్టు) ఎంటే కాలవ తూర్పుకి పొయ్యేది, మేమే ప్రతి ఏడూ దసరా ముందర పూడు తీసేవాళ్ళం. ఇప్పుడు తీసేదెవురు, ఆ కాలవ ఉందనే తెలీదు గదా ఈళ్ళకి." కంప కొట్టించి గునపం దింపితే రెండడుగుల పూడు కింద గట్టి అడుగు తగిలింది. పాత పంట కాలవ ఉన్నచోటే ఉంది. దాని అడుగు ఆ పైపు అడుగుకంటే 24 అంగుళాలు కింద! అంటే ఇంటి ముందు కాలవ నుంచి అక్కడికి 19 అంగుళాల వాలు దొరికింది, 600 అడుగుల్లో. దాదాపు 380 అడుగులకి ఒక అడుగు. సిమెంటు కాలవకి అది చాలు. వాలు లేని ఊరైతే పంపులు పెట్టుకుని చావాల్సిందే, ఇక్కడ వాలు ఉంది, మధ్యలో ఒక్క పైపు అడ్డం ఉంది. ఆ రోజు టీచరుగారికి ఆ పేపర్ చూపించినప్పుడు ఆయన చాలాసేపు లెక్క తనే మళ్ళీ వేసుకుని చూసుకున్నారు. ఎఫ్ఎంబీ స్కెచ్ (భూముల హద్దులు చూపించే సర్వే పటం) తెప్పిస్తే కాలవ పోరంబోకు అని గీత కూడా స్పష్టంగా ఉంది, ఎవరి పట్టా భూమీ కాదు.

జాకీల విషయం ఇక్కడే తేల్చేశాను. ఇల్లు లేపడం తప్పు పని అనను, కొన్నిచోట్ల అదే సరైన పని. కానీ ఇది పిల్లర్ల ఇల్లు, లేపాలంటే ప్రతి పిల్లరూ కింద కోసి, రాడ్లు మళ్ళీ సరిపడా ల్యాప్ ఇచ్చి కలిపి, కాంక్రీటు పొయ్యాలి, ఒక్క పిల్లరు దగ్గర పని సరిగ్గా లేకపోయినా పైన రెండు గదుల బరువు దానిమీద ఉంది. సంపు లేవదు, సెప్టిక్ ట్యాంకు లేవదు, బయటి మెట్లు లేవవు, అవన్నీ మళ్ళీ కట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లర్ల కింద ఫుటింగులు (పునాదులు) ఉన్న నల్లరేగడి అట్లాగే ఉంటుంది, నీళ్ళల్లో నానతానే ఉంటుంది. కొడుకు ఒక మంచి ప్రశ్న వేశాడు, "నాలుగడుగులు లేపాక రోడ్డు మళ్ళీ లేస్తే?" అని. ఆ ప్రశ్నతోనే కొటేషన్ పక్కన పెట్టేశారు.

సంపు దగ్గర చూసింది కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే పిల్లల ఆరోగ్యం దీంతోనే ముడిపడి ఉంది. మన కాలనీల్లో అందరూ వాస్తు ప్రకారం సంపు, బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో పెట్టుకుంటారు. ఒక్క ఇంటికి చూస్తే రెండూ దూరంగానే ఉన్నాయి. కానీ ప్లాట్లు వీపుకి వీపు ఆనుకుని ఉన్నప్పుడు నా వాయవ్యం మూల, నా వెనకింటి ఈశాన్యం మూల ఒక్కచోటే పడతాయి! అంటే నా సెప్టిక్ ట్యాంకు పక్కనే, గోడకి అవతల, వాళ్ళ సంపు. తాగే నీళ్ళ బోరుకీ సోక్ పిట్‌కీ (సెప్టిక్ ట్యాంకు నీళ్ళు నేలలోకి ఇంకే గుంటకీ) మధ్య 18 మీటర్లు ఉండాలంటారు, ఇక్కడ 18 అడుగులు కూడా లేవు. మన బాత్రూంలో నీళ్ళల్లో కలిస్తే పచ్చగా మెరిసే ఫ్లోరిసిన్ అనే రంగు పొడి కలిపి వదిలితే మూడోరోజు వెనకింటివాళ్ళ సంపులో పచ్చ జీర కనపడింది. వాళ్ళావిడ టార్చి వేసి చూసి మొహం చిట్లించుకుంది, మన ఇంటావిడ అక్కడే నిలబడి "అయ్యో వదినా, మాకు తెలీదమ్మా" అని చాలా బాధపడింది. మరి మన సంపులోకి వచ్చేదెక్కడిది? మన ఈశాన్యం వీధి వైపు కదా, సంపు గోడకి మూడడుగుల దూరంలో ఆ నిలిచిన సైడ్ కాలవ. ఇటుక సంపు, లోపల పూత పగుళ్ళు. హెచ్2ఎస్ సీసాలో (మురుగు క్రిములు ఉంటే నీళ్ళు నల్లబడే టెస్ట్ సీసా) సంపు నీళ్ళు పోసి పెడితే మర్నాటికి నల్లబడ్డాయి, బోరు నీళ్ళ సీసా నల్లబడలేదు. నీళ్ళు బోరులో బాగున్నాయి, సంపులోకి వచ్చాక పాడవుతున్నాయి.

ఇంకొకటి, తుఫాను అయ్యాక వాళ్ళు బురద కడగడానికి సంపు మొత్తం ఖాళీ చేశారు, నేలలో నీళ్ళు అప్పటికి పైదాకా ఉన్నాయి. సంపు అడుగు మధ్యలో పైకి ఉబ్బి పగిలింది. ఆరడుగుల సంపు, అంటే 216 ఘనపుటడుగులు, చుట్టూ నీళ్ళు పైదాకా ఉంటే దాన్ని కిందనుంచి ఆరు టన్నులకి పైగా బలంతో ఎత్తుతాయి. లోపల నీళ్ళుంటే ఆ బరువు తట్టుకుంటుంది, ఖాళీ అయితే తట్టుకోదు. వానాకాలంలో సంపుగానీ సెప్టిక్ ట్యాంకుగానీ పూర్తిగా ఖాళీ చెయ్యొద్దు, ఇది ఇంటింటికీ చెప్పాల్సిన మాట.

పనుల విషయానికొస్తే, వీధి పనికి ముందే ఇంటి పని మొదలుపెట్టాం, ఎందుకంటే 2024 మార్చి 16న ఎలక్షన్ కోడ్ వచ్చేసింది, జూన్ దాకా వార్డులో కొత్త పని ఏదీ శాంక్షన్ అవ్వదు. ఒకరకంగా మంచిదే అయింది, గోడలు ఆరడానికి మాకు ఎండాకాలం కావాలి. లోపలా బయటా మూడున్నర అడుగుల ఎత్తు దాకా పుట్టీ, కోటింగ్, పూత మొత్తం ఇటుక కనపడేదాకా కొట్టేశాం. ఉప్పు పట్టిన పెళ్ళలు ఇంటి దగ్గరే పోస్తే మళ్ళీ నేలలోకి దిగుతుంది, ట్రాక్టర్లో తరలించాం. బేస్‌మట్టం పైన మొదటి వరసలో నాలుగంగుళాలకో రంధ్రం వేసి సిలేన్ క్రీమ్ నింపాం, అది ఇటుక రంధ్రాల్లో పాకి నీళ్ళు ఎక్కకుండా చేస్తుంది. ఆ తర్వాత రోహిణి కార్తె ఎండల దాకా గోడలు అట్లాగే వదిలేశాం. ఇటుకలు కనపడే హాల్లో కూర్చోవాలంటే ఇంటావిడకి చాలా ఇబ్బందిగా ఉండింది, వచ్చినవాళ్ళంతా ఇల్లేందమ్మా ఇట్లా చేశారని అడిగేవాళ్ళు, అయినా ఓపిక పట్టింది. ఆమె తొందరపెట్టి ఏప్రిల్లో పూత వేయించి ఉంటే ఈ పనంతా వృథా అయ్యేది. పూత కూడా ఆరాక సన్నంగా, సున్నం కలిపి, కింద నేలకి రెండంగుళాలు తాకకుండా వేశాం.

పడమటి బెడ్రూం పగులు మీద గాజు ముక్కలు అతికించి తేదీ రాశాం, పగులు కదిలితే గాజు విరుగుతుంది. మే చివర్లో ఒకటి విరిగింది, అంటే నల్లరేగడి ఎండకి ముడుచుకుంటోంది. గోడకి దగ్గర్లో మంచి వేపచెట్టు, కొడుకు కొట్టేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. పదిహేనేళ్ళుగా ఆ చెట్టు తాగుతున్న నీళ్ళు ఒక్కసారి నేలలో మిగిలిపోతే మట్టి ఉబ్బి ఆ గోడనే పైకి తోస్తుంది, పగులు ఇంకోవైపు తిరుగుతుంది. పైగా ఆ ఇంటికి పడమటెండ తగలకుండా కాపాడేది అదే. కొమ్మలు మాత్రం పలచన చేయించి, ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పున బయటికి వాలుగా సిమెంటు చప్టా వేయించాను, గోడ పక్క మట్టి ఎండాకాలం మరీ ఎండకుండా, వానాకాలం మరీ నానకుండా ఉండటానికి. కొత్తగా నల్లరేగడిలో కట్టుకునేవాళ్ళయితే రూర్కీలోని భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐ వాళ్ళు ఇట్లాంటి నేలలకనే తయారుచేసిన అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతు పునాది స్తంభాలు) వేసుకోవడం మంచిది. కట్టేసిన ఇంటికి ఆ అవకాశం లేదు.

ఇటుక సంపుని ఇసకతో పూడ్చేసి, నీళ్ళ ట్యాంకు నేల మీద దిమ్మె కట్టి పెట్టాం, ఈశాన్యంలో బరువు అని టీచరుగారు కొంచెం సందేహించారు, ఉత్తరం వైపు జరిపి సర్దుబాటు చేశాం. సోక్ పిట్ నేలలో నీళ్ళు పైదాకా ఉండే చోట ఎట్లాగూ పనిచెయ్యదు, దాన్ని మూసేసి సెప్టిక్ ట్యాంకు నీళ్ళు కంకర ఫిల్టరు గుండా కిందనుంచి పైకి పోయేటట్టు చేసి, అక్కడనుంచి కాలవకి ఫ్లాప్ వాల్వు పెట్టి వదిలాం, కాలవ నీళ్ళు వెనక్కి ఎగదన్నవు.

వీధి పనే కష్టం. ఇంజనీరింగ్ చిన్నదే, మనుషుల్ని ఒప్పించడం పెద్దది. జూలైలో ఒక ఆదివారం రామాలయంలో అందరినీ కూర్చోబెట్టి లెవెల్స్ పేపరు గోడకి అతికించాం, ఎవరి గేటు ఎంత మట్టంలో ఉందో వాళ్ళ ఇంటి నంబరుతో సహా. మెరక మీద ఉన్నవాళ్ళకి సమస్యే లేదు కాబట్టి మొదట ఎవరూ కదల్లేదు. అప్పుడు కోడలు లేచి వెనకింటి సంపు సంగతి, పచ్చరంగు నీళ్ళ ఫోటో చూపించింది. "మీ మెట్టు ఎక్కకపోవచ్చు అన్నా, మీ సంపులోకి రాకుండా ఉంటదా" అని అడిగింది. ఆ ఒక్క మాటకి ఆడవాళ్ళంతా ఇటు వచ్చేశారు, సంపు నీళ్ళు మోసేది వాళ్ళే కదా. వీధి చివరి ప్లాటాయన మాత్రం గేటు ముందు తవ్వితే ఒప్పుకోనన్నాడు, ఇంట్లో పెళ్ళి ఉందంట. ఆయన తప్పు పెద్దగా లేదు, కారు పోవాలి, పైపు వేసుకున్నాడు, ఏ మట్టంలో వెయ్యాలో చెప్పేవాళ్ళు ఆ రోజు లేరు. పెళ్ళి అయ్యేదాకా ఆగి, ఆయన గేటుకి మంచి చప్టా వేసిస్తామని మాటిచ్చాక ఒప్పుకున్నాడు, తర్వాత పని దగ్గర రోజూ నిలబడింది ఆయనే.

వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి (వార్డులో రోడ్లు, కాలవల పనులు చూసే ఉద్యోగి) పేపరు ఇస్తే ఆయన వచ్చి మా ట్యూబుతో మళ్ళీ చూసుకుని ఎస్టిమేట్ పెట్టాడు. ఒక అడుగు పైపు తీసి రెండడుగుల పైపు, 24 అంగుళాలు కిందికి. వెడల్పు రెండింతలే కానీ అదే వాలుకి నీళ్ళు ఆరింతలు పైగా పోతాయి, ఇది చాలామంది నమ్మరు, అందుకే అందరూ చిన్న పైపు వేసి ఆదా అనుకుంటారు. కాలవ అడుగు వాలు సరిచేసి సిమెంటు పోశారు, పాత పంట కాలవ పూడు జేసీబీతో తీశారు. ఇళ్ళ ముందు మట్టి ర్యాంపులు పోయి, ఎత్తి పెట్టగలిగే సిమెంటు పలకలు వచ్చాయి, అవి ఎవరివి వాళ్ళే వేయించుకున్నారు. ఇంటివైపు అయిన మొత్తం ఖర్చు ఆ జాకీల కొటేషన్లో మూడో వంతుకి లోపే.

సెప్టెంబరు చివరికి పని అయింది, అక్టోబరు మధ్యలో వాయుగుండం వచ్చింది, మూడురోజులు ముసురు. రెండోరోజు రాత్రి టీచరుగారు వీడియో పంపించారు, సైడ్ కాలవలో నీళ్ళు పరిగెత్తుతున్నాయి, పెరట్లో చప్టా అంచు దాకా తడి ఉంది కానీ నిలవలేదు. వాన ఆగిన కొన్ని గంటల్లో కాలవ అడుగు కనపడింది. గోడల్లో మళ్ళీ ఇటుక పొడి తీసి తూకం వేస్తే కింది భాగం ముందుకంటే బాగా తగ్గింది, పూర్తిగా పొడి అవ్వడానికి ఇంకో ఎండాకాలం పడుతుంది. కొత్త ట్యాంకు నీళ్ళు సీసాలో నల్లబడలేదు. బెడ్రూం తలుపు కార్తీకంలో కొంచెం పట్టింది, ముందంత కాదు, నల్లరేగడి ఉన్నన్నాళ్ళు అది కొంత ఉంటుందని ముందే చెప్పాను, తలుపు అంచు చిత్రిక పట్టించుకుంటే సరిపోతుంది.

మిగిలిన పని రెండు. వెనకింటి సంపు ఇంకా మార్చలేదు, మన సోక్ పిట్ మూసేశాం కాబట్టి కొంత నయం, అయినా వాళ్ళ పక్కింటి సెప్టిక్ ట్యాంకు అట్లాగే ఉంది, ప్రస్తుతానికి తాగడానికి బోరు నీళ్ళు నేరుగా పట్టుకుంటున్నారు. రెండోది, పాత కాలవ పోయే దారిలో తూర్పు వైపు ఒక ఖాళీ స్థలానికి మెరక తోలడం మొదలైంది, కాలవ అంచు దాకా గ్రావెల్ కుప్పలు పడ్డాయి. టీచరుగారూ, ఆ చివరి ప్లాటాయనా కలిసి ఎఫ్ఎంబీ కాపీ పట్టుకుని ఆ స్థలం ఓనరుతో మాట్లాడి వచ్చారు, పోరంబోకు హద్దు దగ్గర రాళ్ళు పాతడానికి సర్వేయర్ కోసం అప్లికేషన్ పెట్టారు. పూడు ప్రతి ఏడాది దసరాకి ముందే తీయించాలని రామాలయం నోటీసు బోర్డు మీద రాసిపెట్టారు, డబ్బులు వినాయకచవితి చందాతో పాటే వసూలు చేస్తారంట.